ఘటోత్కచుడి బరువెంత?

(తెనాలిలో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

పెద్దలందరికీ నమస్కారం. ముందు చాపల మీద కూర్చున్న పిల్లలకు కూడా నమస్కారం. ఈ రోజు నాకు మీతోనే పని ఎక్కువ. అదేమిటో చివర్లో చెబుతాను.

"మీ చిన్నప్పటి ఆటల గురించీ, బొమ్మల పుస్తకాల గురించీ, టీవీ గురించీ మాట్లాడండి" అని గ్రంథాలయం వాళ్ళు ఫోన్ చేశారు. వట్టి చేతులతో రావడం బాగుండదనిపించి, మా ఇంట్లో అటక మీదున్న రేకు పెట్టె దించాను. ఈ బల్ల మీద పెట్టినవన్నీ అందులోవే. ఒక వీడియో గేమ్ డబ్బా, దాని రిమోట్లు రెండు, ప్లాస్టిక్ తుపాకి ఒకటి, నాలుగు గేము క్యాసెట్లు. రబ్బరు బ్యాండు వేసిన కార్డుల కట్ట. బైండు చేసిన చందమామలు మూడు పుస్తకాలు. పక్కన పాత కవరు ఒకటి ఉంది చూశారూ, దాన్ని ఇప్పుడే విప్పను.

మా నాన్న మారీసుపేటలో టీవీలు, రేడియోలు బాగుచేసేవారు. చిన్న గది. గోడకు అరలు, అరల నిండా విప్పిన టీవీలు, సోల్డరింగ్ ఐరన్ నుంచి లేచే లక్క వాసన. నేను పుట్టింది 1984లో. మా వీధికి కేబుల్ కనెక్షన్ వచ్చేసరికి నాకు తొమ్మిదేళ్ళు, తమ్ముడికి ఏడు. గంటకు అయిదు రూపాయలు తీసుకుని వీడియో గేములు ఆడించే షాపులు ఊళ్ళో అప్పుడే మొదలయ్యాయి. వాటిలోకి ఆడపిల్లలు వెళ్ళేవాళ్ళు కాదు. కానీ ఆ షాపుల్లో పాడైన డబ్బాలు నాన్న దగ్గరికే వచ్చేవి. బాగుచేశాక సరిగా పనిచేస్తోందో లేదో ఎవరో ఒకరు ఆడి చూడాలి కదా. ఆ పని నాది. అందుకే ఇవాళ మీ ముందు మాట్లాడే అర్హత ఏదైనా ఉందంటే అది ఆ బల్ల దగ్గర వచ్చిందే.

ఒక మాట ముందే చెప్పాలి. మా తరానికి ఇవన్నీ సగం సగంగా చేరాయి. కుస్తీ కార్యక్రమం మధ్యలో కరెంటు పోయేది. గేముల్లో కథ ఏమిటో చెప్పే పుస్తకం క్యాసెట్‌తో వచ్చేది కాదు. సీరియల్ చదువుతుంటే ఒక నెల సంచిక దొరికేది కాదు. మిగతా సగాన్ని మేం మాటలతో పూర్తిచేసుకున్నాం. ఇప్పుడు నాకు బెంగ పుట్టించేది ఆ రెండో సగం. దాని గురించి చెప్పడానికే వచ్చాను.

ముందు ఈ కార్డుల సంగతి. వీటిని మేం ట్రంప్ కార్డులు అనేవాళ్ళం. కొంతమంది డబ్ల్యూ డబ్ల్యూ ఎఫ్ కార్డులు అనేవాళ్ళు. అమెరికాలో కుస్తీలు పెట్టి టీవీలో చూపించే ఆ కంపెనీ పేరు 2002లో డబ్ల్యూ డబ్ల్యూ ఈ అయింది. అడవి జంతువులను కాపాడే సంస్థ ఒకటి అదే పొడి అక్షరాలు వాడుతోంది, వాళ్ళు కోర్టుకెళ్ళి గెలిచారు. మా నోట మాత్రం ఆ ఎఫ్ ఇప్పటికీ పోలేదు. ఒక్కో కార్డు మీద ఒక మల్లుడి ఫోటో, కింద అంకెలు. ర్యాంకు, హైట్, వెయిట్, చెస్ట్, బైసెప్స్, ఎన్ని ఫైట్లు ఆడాడు, ఎన్ని గెలిచాడు. కార్డులు సమానంగా పంచుకుంటాం. పైకార్డు ఒక్కటే చూడాలి. వంతు వచ్చినవాడు "వెయిట్!" అంటాడు. ఎదుటివాడి కార్డులో వెయిట్ తక్కువ ఉంటే ఆ కార్డు మనది. ర్యాంకు అయితే చిన్న అంకెది గెలుపు. ఆటంతా ఇంతే. దీనికే మధ్యాహ్నాలు గడిచిపోయేవి, స్నేహాలు చెడిపోయేవి, మర్నాడు మళ్ళీ కలిసేవి.

"వెయిట్" అనాలంటే చేతిలో యోకోజునా ఉండాలి. ఎవరి కార్డు వచ్చినా ఓడిపోవాల్సిందే. "హైట్" అనాలంటే జెయింట్ గొంజాలెజ్. ఆయన ఎనిమిది అడుగులని టీవీలో చెప్పేవాళ్ళు. ఈ రెండు కార్డులూ ఎవరి దగ్గరుంటే వాడే మా వీధికి రాజు.

పెద్దయ్యాక ఒక రోజు రాత్రి వీళ్ళ గురించి చదువుతూ కూర్చున్నాను. టీవీలో చూపించినట్టు యోకోజునా జపాన్ వాడు కాడు. సమోవా దీవుల మూలాలున్న అమెరికన్, పేరు రాడ్నీ అనోవాయి. మేం చప్పట్లు కొట్టి చదివిన ఆ బరువు ఏటేటా పెరిగి, చివరికి ఆయన బరిలో నిలబడలేని స్థితి వచ్చింది. 2000 అక్టోబరులో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో చనిపోయాడు. అప్పటికి ఆయనకు ముప్ఫై నాలుగేళ్ళు. గొంజాలెజ్ అర్జెంటీనా వాడు. మొదట బాస్కెట్‌బాల్ ఆడేవాడు, 1988లో అమెరికాలోని అట్లాంటా జట్టు ఎంచుకుంది కూడా. ఆ ఎత్తు పిట్యూటరీ గ్రంథి జబ్బు వల్ల వచ్చింది. చివరి రోజులు చక్రాల కుర్చీలో గడిపి 2010లో, నలభై నాలుగేళ్ళకు పోయాడు. అంతకుముందు ఆండ్రీ ద జెయింట్ అనే మల్లుడిదీ అదే జబ్బు, నలభై ఆరేళ్ళకు పోయాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదండి. పదేళ్ళ వయసులో నేను "హైట్!" అని అరిచి గెలుచుకున్న కార్డులన్నీ ఒక మనిషి జబ్బుతో గెలుచుకున్నవి. చిన్నప్పటి సంగతులు తలుచుకోవడమంటే అన్నీ తియ్యగా ఉంటాయని అనుకుంటాం. ఈ కట్ట చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నాకు ఆ ఇద్దరూ గుర్తొస్తారు. అయినా కట్ట పారేయలేదు. వాళ్ళను నా అంత ప్రేమగా తలుచుకునేవాళ్ళు తెనాలిలో ఇంకెవరుంటారు?

ఇక అండర్‌టేకర్, శవాలు పూడ్చేవాడి వేషంలో వచ్చే మల్లుడు. ఈ పేరు చెప్పగానే వెనక వరుసల్లో నా ఈడు వాళ్ళు సర్దుకుని కూర్చున్నారు, చూశాను. "అండర్‌టేకర్‌కు ఏడు ప్రాణాలు" అని మీ ఊళ్ళో కూడా చెప్పేవాళ్ళా? చేతులెత్తండి. ... చూశారా, గుంటూరు వాళ్ళూ ఎత్తారు, ఖమ్మం నుంచి వచ్చిన మేడం గారూ ఎత్తారు. ఇది ఏ పేపర్లోనూ రాలేదు, టీవీలో ఎవరూ చెప్పలేదు. ఫోన్లు లేని రోజుల్లో ఒకే మాట అన్ని ఊళ్ళ పిల్లలకూ ఎలా చేరింది?

దానికి మూలం ఎక్కడుందో నాకు తెలిసినంత చెబుతాను. 1994 జనవరిలో రాయల్ రంబుల్ అనే పోటీలో అండర్‌టేకర్‌కూ యోకోజునాకూ శవపేటిక మ్యాచ్ పెట్టారు. ఎదుటివాణ్ణి పెట్టెలో పడేసి మూత వేస్తే గెలుపు. బోలెడుమంది మల్లులు వచ్చి యోకోజునా వైపు చేరి అండర్‌టేకర్‌ను పెట్టెలో వేసి మూసేశారు. అప్పుడు పెద్ద తెర మీద ఆయన మాట్లాడాడు, తర్వాత పైకి తేలిపోతున్నట్టు చూపించారు. ఆ తర్వాత ఏడు నెలలు మనిషి కనపడలేదు. ఆగస్టులో తిరిగొచ్చాడు. తిరిగొచ్చేసరికి బరిలో ఇంకో అండర్‌టేకర్ ఉన్నాడు, దొంగవాడు. ఆ వేషం వేసినవాడు బ్రయన్ లీ అనే మల్లుడు. వరసగా చూసినవాళ్ళకు ఇది కథ. మాకు మటుకు ఒక వారం శవపేటిక, తర్వాత ఏమీ లేదు, ఎన్నాళ్ళకో ఇద్దరు అండర్‌టేకర్లు. మధ్యలో కేబుల్ తీగ తెగింది, పరీక్షలొచ్చాయి. చచ్చిపోయినవాడు తిరిగొచ్చాడంటే ఆయనకు ప్రాణాలు ఎక్కువ ఉండాలి. ఎన్ని? మన కథల్లో ఎప్పుడూ వచ్చే అంకె ఏడు. ఏడు సముద్రాలు, ఏడు కొండలు, ఏడు ప్రాణాలు. ఆ అంకె మన ఇళ్ళలోంచే ఆయన దగ్గరికి వెళ్ళిందని నా నమ్మకం.

తర్వాత 1996లో అక్షయ్ కుమార్ హిందీ సినిమా ఒకటి వచ్చింది, అందులో హీరో అండర్‌టేకర్‌తో తలపడతాడు. మా తమ్ముడు నెల రోజులు దాని మీద వాదించాడు. నిజం ఏమిటంటే ఆ సినిమాలో వేసింది కూడా అసలు ఆయన కాదు, ఆ బ్రయన్ లీయే. అసలాయన పేరు మార్క్ కాలవే. 1990 నవంబరు 22న మొదటిసారి అండర్‌టేకర్‌గా బరిలోకి వచ్చి, సరిగ్గా ముప్ఫై ఏళ్ళకు, 2020 నవంబరు 22న సెలవు తీసుకున్నాడు. ఆయన పక్కన చితాభస్మం కుండ పట్టుకుని నిలబడే లావుపాటి మనిషి గుర్తున్నాడు కదా, పాల్ బేరర్. ఆయన నిజ జీవితంలో కూడా శవ సంస్కారాలు చేసే వృత్తిలో లైసెన్సు ఉన్నవాడే.

"అదంతా ఉత్తిదే కదా, ముందే అనుకుని కొట్టుకుంటారట కదా" అని పెద్దవాళ్ళు మమ్మల్ని ఏడిపించేవాళ్ళు. 1989లోనే న్యూజెర్సీ రాష్ట్రంలో ఆ కంపెనీయే ఒప్పుకుంది, ఇది పోటీ కాదు, వినోదం అని. క్రీడ అయితే రాష్ట్ర క్రీడా కమిషన్‌కు లైసెన్సులూ పన్నులూ ఉంటాయి, ఆ బాధ తప్పించుకోవడానికి. ఆ సంగతి మాకు తెలియదు. తెలిసినా ఏం కాకపోయేది. సురభి నాటకంలో భీముడు దుర్యోధనుడి తొడ నిజంగా విరగ్గొట్టడు, అయినా ఆ గద లేస్తే మా నాయనమ్మ కళ్ళు మూసుకునేది. అయితే 1999 మేలో కాన్సస్ నగరంలో ఓవెన్ హార్ట్ అనే మల్లుడు పైనుంచి తాడుతో దిగుతూ కింద పడి చనిపోయాడు. అది నటన కాదు. ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరబోతున్నాను అప్పుడు. మా తమ్ముడు ఆయన కార్డు తీసి విడిగా పుస్తకంలో పెట్టాడు, మళ్ళీ దానితో ఆడలేదు.

నాయనమ్మ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. ఆమెకు చదువు రాదు. మాతో పాటు కూర్చుని కుస్తీలు చూసేది. ఎవరు గెలిచినా ఒకటే మాట, "మా కోడి రామ్మూర్తి ముందు వీళ్ళెంత?" ఆయన ఎవరని అడిగితే గుండె మీదికి ఏనుగును ఎక్కించుకున్నాడనీ, ఒంటికి చుట్టిన ఇనప గొలుసు ఊపిరి బిగబట్టి తెంచాడనీ, సొంత సర్కస్ నడిపాడనీ చెప్పేది. వాళ్ళ నాన్న చూశాడట. మేం నమ్మలేదు. ఆయన ఉత్తరాంధ్రలో వీరఘట్టంలో పుట్టాడని, కలియుగ భీముడని బిరుదు ఉందని, 1942లో చనిపోయాడని తర్వాత పుస్తకాల్లో చదివాను. నాయనమ్మ చెప్పినదాంట్లో తప్పేమీ లేదు.

ఆమె పోరు పడలేక మా తమ్ముడు ఒక పని చేశాడు. నాన్న షాపులో స్పీకర్లు వచ్చే అట్టపెట్టెలు కత్తిరించి, సరిగ్గా ట్రంప్ కార్డు సైజులో కోడి రామ్మూర్తి కార్డు చేశాడు. బొమ్మ నేను వేశాను. అంకెలు నాయనమ్మ చెప్పింది. ఆ తర్వాత ఆగలేదు. భీముడు, ఆంజనేయస్వామి, కుంభకర్ణుడు, ఘటోత్కచుడు. వీధిలో పిల్లలందరూ తలా ఒక కార్డు పట్టుకొచ్చారు. పెద్ద పెద్ద చర్చలు జరిగేవి. కుంభకర్ణుడికి ర్యాంకు ఎంత ఇవ్వాలి? ఆరు నెలలు నిద్రపోతాడు కాబట్టి "ఎన్ని ఫైట్లు ఆడాడు" దగ్గర తక్కువే వేయాలి. ఆంజనేయస్వామి హైట్ ఎంతకంటే అంత పెంచుకోగలడు, మరి ఏ అంకె రాయాలి? చివరికి ఆ గడిలో "ఇష్టం" అని రాశాం. ఆ కార్డు ఎవరికి వస్తే వాళ్ళు హైట్ అడక్కూడదని రూలు పెట్టుకున్నాం, స్వామిని పందెంలో పెట్టకూడదు కదా.

ఇంత చెప్పాను కాబట్టి గేముల దగ్గరికి వస్తాను. ఈ డబ్బా మీద ఏ పేరున్నా, లోపల ఉన్నది జపాన్‌లో నింటెండో కంపెనీ 1983లో తెచ్చిన ఫామికామ్ అనే యంత్రానికి నకలు. అసలుది మన ఊళ్ళో ఎవరూ చూడలేదు. తైవాన్, చైనాల్లో తయారైన నకళ్ళు మనకు వచ్చాయి. టీవీ వెనక యాంటెన్నా పిన్ను పెట్టే చోట దీని వైరు పెట్టి, ఛానల్ తిప్పుతూ పోతే ఒకచోట చుక్కల మధ్య మారియో గేము పాట వినపడేది. ఆ పాట వినపడగానే నాన్న చెయ్యి ఆగిపోయేది, ముఖం వెలిగేది.

క్యాసెట్ పనిచేయకపోతే అందరూ ఏం చేసేవాళ్ళు? తీసి, ఉఫ్ అని ఊది, మళ్ళీ పెట్టేవాళ్ళు. నాన్న ఒప్పుకునేవారు కాదు. "నోటి తడి తగిలితే కాంటాక్టులు చిలుము పడతాయి" అని, పెన్సిలు రబ్బరుతో ఆ రాగి పళ్ళను మెల్లగా రుద్ది పెట్టేవారు. అదే సరైన పద్ధతి. ఊదినప్పుడు పనిచేసినట్టు అనిపించేది కానీ, నిజానికి తీసి మళ్ళీ పెట్టడం వల్ల కాంటాక్టు కుదిరేది, అంతే.

క్యాసెట్ల మీద తొంభై తొమ్మిది లక్షల గేములు అని ఉండేది. నిజంగా ఉండేవి పది పదిహేను. అవే తిరిగి తిరిగి వేరే పేర్లతో వచ్చేవి. కానీ ఆ జాబితా అంతా కిందికి జరుపుతూ పోయి ఒక్కో అంకె నొక్కి చూశాం. ఎక్కడో ఒకచోట ఎవరూ చూడని గేము ఉంటుందన్న ఆశ.

కాంట్రా అనే గేములో ఇద్దరు సైనికులు. ఒకడిది నీలం ప్యాంటు, ఒకడిది ఎరుపు. కోనామి కంపెనీ వాళ్ళు వాళ్ళకు పేర్లు పెట్టి, ఏదో దీవి, ఏదో గ్రహాంతర సైన్యం అని కథ రాశారట. ఆ కథ మా దాకా రాలేదు. మాకు నీలం చిరంజీవి, ఎరుపు బాలకృష్ణ. ఎవరు ఏది తీసుకోవాలన్న దగ్గర అసలు ఆటకంటే పెద్ద యుద్ధం. ఎగిరే డబ్బా పేల్చితే గుళ్ళు వెదజల్లే ఎస్ గన్ వస్తుంది, దాన్ని నీలం వాడు తీసుకోవాలా, ఎర్రవాడు తీసుకోవాలా? జలపాతం స్టేజీలో పైవాడు తొందరపడి ఎక్కేస్తే తెర కిందివాణ్ణి మింగేస్తుంది. మా తమ్ముడు అలా నన్ను ఎన్నిసార్లు చంపాడో లెక్కలేదు. "అక్కా, నువ్వు నెమ్మది, ఆగలేను" అనేవాడు. వాడికిప్పుడు నలభై దాటాయి, హ్యూస్టన్‌లో ఉంటాడు. ఫోన్‌లో మాట్లాడుతూ నేనేదైనా ఆలస్యం చేస్తే ఇప్పటికీ "అక్కా, జలపాతం" అంటాడు. మా ఇద్దరికి తప్ప ఆ మాటకు అర్థం ఎవరికీ తెలియదు.

మారియోలో జెండా కర్ర మీదుగా దూకితే అవతల వేరే లోకం ఉంటుందనేవాళ్ళు. దూకినవాడు ఎప్పుడూ మా ఊళ్ళో ఉండేవాడు కాదు. వాళ్ళ మావయ్యగారి ఊళ్ళో ఉండేవాడు. మూడో లోకం మూడో స్టేజీలో కిటుకు తెలిస్తే నిజంగానే జెండా దాటొచ్చని చాలా ఏళ్ళకు తెలిసింది. దాటితే నేల అలా సాగుతూనే ఉంటుంది, ఏమీ రాదు, టైము అయిపోయి మారియో చచ్చిపోతాడు. మేం పొరుగూరి అబ్బాయి నోట విన్న లోకంలో మాత్రం నీళ్ళ కోట ఉండేది, దానికి కాపలాగా రెక్కల తాబేలు ఉండేది. ఇంకో సంగతి. ఆ గేములో మబ్బులూ పొదలూ ఒకటే బొమ్మ. తెలుపు వేస్తే మబ్బు, పచ్చ వేస్తే పొద. గేము మొత్తం కలిపి 40 కిలోబైట్లు. పిల్లలూ, మీ ఫోన్‌లో తీసే ఒక్క ఫోటో దానికంటే ఎన్నో రెట్లు పెద్దది. అంత ఇరుకులో అంత లోకం కట్టారు. ఈ మాట చెప్పినప్పుడల్లా నేను పాఠం చెప్పే పాలిటెక్నిక్ విద్యార్థులు మొదటిసారి తలెత్తి నా వైపు చూస్తారు.

ఈ తుపాకి గురించి చెప్పకుండా వెళ్ళలేను. బాతుల ఆట, కుక్క నవ్వే ఆట అనేవాళ్ళం. ఈ తుపాకిలోంచి ఏదో కిరణం వెళ్ళి టీవీకి తగులుతుందని నేను గట్టిగా నమ్మాను. నాన్న ఒకరోజు షాపులో లైటు ఆర్పి, "బాతు వైపు చూడకు, స్క్రీను మొత్తం చూస్తూ నొక్కు" అన్నారు. నొక్కాను. కన్ను మూసి తెరిచినంతలో స్క్రీను అంతా నల్లగా అయింది, బాతు ఉన్నచోట తెల్లటి గడి ఒకటి మెరిసింది, మళ్ళీ మామూలు. సెకనులో యాభయ్యో వంతు సేపు. తుపాకి ఏమీ పంపించదు. దాని గొట్టంలో చూసే కన్ను ఉంది. ముందు చీకటి, వెంటనే వెలుగు, ఈ రెండూ వరసగా కనపడితే గురి తగిలినట్టు. ఉత్త బల్బు వైపు పెట్టి నొక్కితే కుదరదు, ఆ చీకటి కనపడదు కాబట్టి. ఇప్పటి పలచటి టీవీల్లో ఇది పనిచేయదు. పాత గాజు గొట్టం టీవీలో బొమ్మ ఏ క్షణాన రావాలో ఆ క్షణాన వస్తుంది, కొత్తవాటిలో కాస్త ఆలస్యంగా వస్తుంది. ఈ తుపాకిని ఇప్పుడు మీకు ఆడించి చూపించాలంటే దానికి తగ్గ టీవీ తెనాలంతా వెతకాలి.

నేను ఎలక్ట్రానిక్స్ చదవడానికి కారణం ఆ నల్లటి క్షణమే. నాన్న పోయి ఆరేళ్ళయింది.

చందమామల సంగతి తెనాలిలో నేను చెప్పడమేమిటి, మీరే నాకు చెప్పాలి. 1947 జులైలో నాగిరెడ్డి గారితో కలిసి దాన్ని మొదలుపెట్టిన చక్రపాణి గారిది మన ఐతానగర్. దాదాపు మూడు దశాబ్దాలు వెనక ఉండి ప్రతి కథనూ తేట తెలుగులోకి దిద్దిన కొడవటిగంటి కుటుంబరావు గారు పుట్టింది ఈ ఊళ్ళోనే. భుజాన శవంతో, చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుణ్ణి గీసిన శంకర్ గారు 2020లో వెళ్ళిపోయారు. ఈ బైండులన్నీ నాన్న చిన్నప్పటివి.

ఇందులో ఒక సీరియల్ ఉంది, రాకాసి లోయ. రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారు. ఆ పేరు పత్రికలో వేసేవాళ్ళు కాదు. అందువల్ల మాకు అది ఎవరో రాసిన కథలా ఉండేది కాదు, ఎప్పటినుంచో ఉన్న కథలా ఉండేది. వేసవి సెలవుల్లో రోజుకొక భాగం నేను పైకి చదివేదాన్ని, నాయనమ్మ వత్తులు చేసుకుంటూ వినేది. ఒకచోట బైండులో ఒక నెల సంచిక లేదు. ముందు నెల భాగం ఆపద దగ్గర ఆగింది, తర్వాత నెల భాగం తీస్తే అందరూ వేరే చోట క్షేమంగా ఉన్నారు. నేను ఏడుపు మొహం పెట్టాను. నాయనమ్మ అంది, "పుస్తకం లేకపోతే ఏమే, వాళ్ళు అక్కణ్ణుంచి ఇక్కడికి ఎలా వచ్చుంటారో నాకు తెలుసు" అని. ఆ రాత్రి డాబా మీద చెప్పింది. ఆమె కథలో ఒక చాకలి ముసలమ్మ వచ్చింది. ఉతికిన బట్టలన్నీ ముడేసి లోయలోకి వదిలింది, అవి పట్టుకుని వాళ్ళు పైకొచ్చారు. మేం ఆ ముసలమ్మను ఎంత ఇష్టపడ్డామంటే, తర్వాతి భాగాల్లో ఆమె రానప్పుడల్లా "ఆమె ఏమైంది?" అని అడిగేవాళ్ళం. "ఇంటికెళ్ళింది, పొద్దున్నే మళ్ళీ రేవుకు పోవాలి కదా" అనేది నాయనమ్మ.

ఎన్నో ఏళ్ళ తర్వాత, అభిమానులు స్కాన్ చేసిపెట్టిన పాత చందమామల్లో ఆ దొరకని సంచిక దొరికింది. చదివాను. దాసరి గారు గొప్పగా రాశారు. అందులో ముసలమ్మ లేదు, ఉండదని నాకు తెలుసు. అయినా పేజీలు తిప్పుతూ ఆమె కోసం వెతికాను.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. చందమామ 1998లో ఒకసారి ఆగి మళ్ళీ మొదలైంది, 2007లో చేతులు మారింది, కొన్నేళ్ళకు అచ్చు పూర్తిగా ఆగిపోయింది. అయినా పాత సంచికలు ఉన్నాయి, ఎక్కడో ఒకచోట భద్రంగా ఉన్నాయి. కాంట్రా, మారియో ఇవాళ ఫోన్‌లో కూడా ఆడొచ్చు. 1994 నాటి శవపేటిక మ్యాచ్ కావాలంటే ఇంటికెళ్ళగానే చూడొచ్చు. 2023 సెప్టెంబరులో హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూ డబ్ల్యూ ఈ వాళ్ళు కుస్తీలు పెట్టారు, జాన్ సీనా వచ్చాడు. నేను వెళ్ళాను. నా ఈడు మగవాళ్ళు పిల్లల్ని భుజాల మీద కూర్చోబెట్టుకుని అరుస్తున్నారు. బాగుంది. కంపెనీలు దాచుకోవాల్సినవి దాచుకున్నాయి, మళ్ళీ అమ్ముకుంటున్నాయి కూడా. టీ షర్టుల మీద, చిన్న చిన్న బొమ్మల రూపంలో మన చిన్నతనం దొరుకుతోంది.

రెక్కల తాబేలు కాపలా కాసే కోట ఎక్కడ దొరుకుతుంది? ఆంజనేయస్వామి హైట్ అడక్కూడదన్న రూలు ఎవరు దాచారు? చాకలి ముసలమ్మ ఏ స్కాన్‌లో ఉంది? ఆ మాటలకు యజమాని లేడు, అచ్చు లేదు, క్యాసెట్ లేదు. మా నాయనమ్మ పోయినప్పుడు ఆమె చెప్పిన భాగాన్ని ఒక్క కాగితం మీద కూడా రాసుకోలేదని తెలిసి నాకు కలిగిన బాధ ఇంకా తీరలేదు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు, చదువుకున్నదాన్ని, రాయడం వచ్చినదాన్ని. రాయాలని తోచలేదు.

అందుకే గ్రంథాలయం వాళ్ళను ఒక సాయం అడిగాను, సరేనన్నారు. ఇదిగో, ఈ రెండు వందల పేజీల పుస్తకం ఇక్కడ రిజిస్టరు పక్కన ఉంటుంది. మీ వీధిలో ట్రంప్ కార్డులు ఏ రూల్స్‌తో ఆడారు, అండర్‌టేకర్ ఎన్నోసారి చచ్చిపోయాడని చెప్పుకున్నారు, కాంట్రాలో ఎర్రవాడి పేరు ఏమిటి, గేము షాపులో అప్పు పెట్టినవాణ్ణి ఏమని పిలిచేవాళ్ళు, ఏది గుర్తుంటే అది రాయండి. పేరు రాయనక్కర్లేదు, వీధి పేరూ సుమారు ఏడాదీ రాస్తే చాలు. నిజమో అబద్ధమో చూడకండి. అబద్ధమైతే మరీ మంచిది, అది ఇంకెక్కడా ఉండదు. మొదటి మూడు పేజీలు నేను రాశాను. మా వీధి కార్డుల రూల్స్, జలపాతం అన్న మాటకు అర్థం, చాకలి ముసలమ్మ కథ నాకు గుర్తున్నంత. కొంచెం మర్చిపోయాను. బట్టలు ముడేసినప్పుడు ఆమె ఒక పాట పాడింది, ఆ పాట రావడం లేదు. మా తమ్ముణ్ణి అడిగాను, వాడికీ రావడం లేదు.

ఇక పిల్లలూ, మీతో పని ఉందన్నాను కదా. ఈ కవరు ఇప్పుడు విప్పుతాను.

ఇది మేం చేసిన కార్డుల్లో మిగిలిన ఒకే ఒక్కటి. ఘటోత్కచుడు. బొమ్మ నేనే వేశాను, స్కెచ్ పెన్ను రంగు కాస్త వెలిసింది. ర్యాంకు రెండు. చెస్ట్ ఉంది, బైసెప్స్ ఉన్నాయి. వెయిట్ దగ్గర చూడండి, ఖాళీ. ఆయన యుద్ధంలో చనిపోయి పడుతున్నప్పుడు ఒళ్ళు పెంచి కౌరవ సైన్యం మీద పడ్డాడు. ఒక అక్షౌహిణి సైన్యం ఆ బరువు కింద నలిగిపోయింది. అయితే అప్పుడున్న బరువు రాయాలా, మామూలుగా ఉన్నప్పటి బరువు రాయాలా? ఒక ఎండాకాలం మొత్తం తగువు పడ్డాం, తేలలేదు. స్కూళ్ళు తెరిచారు. తర్వాత ఎవరి దారిన వాళ్ళం వెళ్ళాం.

ముప్ఫై ఏళ్ళు దాటింది. గడి ఇంకా ఖాళీగానే ఉంది. పెన్సిలు ఇదుగో. ఇలా దగ్గరికి రండి, ఎంత రాద్దాం?